ఆకాశంలో ఆగిపోయిన మిస్త్రీ

ఢిల్లీ టీవీవాళ్ళ మీద నాకు కోపం ఈనాటిది కాదు. మనకు రాని భాషలో కథ వేశారు, సరే. ఆ కథను కూడా సగంలో ఆపారు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో ఒక్క మాట చెప్పకుండా రెండు వేసవులు మమ్మల్ని కూర్చోబెట్టారు. అట్లాంటి వాళ్ళ మీద కోపం రాని మనిషి ఉంటే వచ్చి నాతో మాట్లాడమనండి. అయితే ఆ రెండేళ్ళూ నా బతుకులో మంచి ఏళ్ళేనని కూడా ఒప్పుకోవాలి.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మా నాయన ఆళ్ళగడ్డ చుట్టూ పొలాల్లో కూలికి పోయేవాడు. డెబ్బైలలో నంద్యాలకు పోయి ఆయిలింజన్లు బాగుచేసే షాపులో పనికి చేరాను. మధ్యాహ్నం షాపు మూసే గంటన్నరసేపు మిగతావాళ్ళు నిద్రపోతే నేను గ్రంథాలయానికి పోయేవాణ్ణి. గ్రహాలు, రాకెట్లు, తోకచుక్కలు, ఏది దొరికితే అది చదివాను. చేతికి గ్రీజుందని అక్కడి గుమాస్తా పుస్తకం ఇవ్వనంటే, రేపటినుంచి సబ్బు తెచ్చుకుని నీ ముందరే కడుక్కుంటానని చెప్పి, చెప్పినట్లే చేశాను. హిందీ మాత్రం రెండు చోట్ల నేర్చుకున్నాను. పాత పుస్తకాల అంగట్లో కొన్న వాచకాల నుంచి సగం, షాపుకొచ్చే ఉత్తరాది లారీ డ్రైవర్ల నుంచి సగం. డ్రైవర్ల సగంలో తిట్లూ, ఇంజను సామాన్ల పేర్లూ తప్ప ఇంకేమీ లేవు.

తర్వాత ఆళ్ళగడ్డలో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాను. ఎనభైలలో నంద్యాలలో టీవీ స్తంభం లేచింది. మా చర్చి పక్కనే ఒక టీచర్ల జంట ఉండేది. భార్యాభర్తలిద్దరూ ప్రైమరీ బడిలో పంతుళ్ళు. వాళ్ళు టీవీ కొన్నారు. నంద్యాలలో బొమ్మ అద్దంలో చూసినట్లు కనపడేదట. మా ఊరికొచ్చేసరికి దానికి ఈగలు ముసిరేవి. రెండు ఇనుప పైపులు అతికించి మిద్దె మీద ఏంటెనా నిలబెట్టింది నేనే. ఆ హక్కుతో మొదటి ఆదివారం నుంచీ ఆ ఇంట్లో నాకు టీవీ పక్కనే ఒక ముక్కాలిపీట దక్కింది.

ఆ ముక్కాలిపీట ఉత్తపుణ్యానికి ఇవ్వలేదు. ఆదివారం పొద్దున చర్చికి ముందు ఆకాశ ప్రయాణం సీరియల్ ఒకటి వచ్చేది. ఐదుగురు మనుషులు ఒక ఓడలో భూమి వదిలి పోతారు. కెప్టెను, ఒక డాక్టరమ్మ, ఇద్దరు పెద్ద చదువుల శాస్త్రవేత్తలు, ఓడ ఇంజను చూసుకునే ముసలి మిస్త్రీ. మాటలన్నీ హిందీ. హాల్లో ముప్పైమంది కూర్చుంటే హిందీ ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. టీవీలో మనుషులు ఒక మాట అనగానే నేను తెలుగులో చెప్పాలి. నేను చెప్పేలోపల వాళ్ళు ఇంకో మాట అనేవాళ్ళు. ఆ పరుగులో నాకొక పద్ధతి కుదిరింది. ఓడలో ఏది చెడిపోయినా ఆయిలింజను భాషలో చెప్పేవాణ్ణి. నాజిల్ మూసుకుపోయింది, వేగాన్ని అదుపుచేసే గవర్నరు పట్టు వదిలింది, రింగులు అరిగాయి. జనం తలలూపేవాళ్ళు. బోరు ఇంజను లేని రైతు ఆ హాల్లో లేడు.

నేను తెలియని మాట తెలియదని చెప్పేవాణ్ణి తప్ప సొంతం కల్పించలేదు. ఈ సంగతి గట్టిగా రాయాల్సి వస్తోంది. ఎందుకంటే కల్పించానని అన్నవాడొకడు ఉన్నాడు.

అతను హైస్కూల్లో హిందీ పండితుడు. పరీక్షలన్నీ పాసైనవాడు. పెళ్ళాం ఊరు నంద్యాల కావడంతో ఆదివారాలు ఎక్కువగా మామగారింట్లో ఉండేవాడు. ఒకసారి మాత్రం మా హాలుకు వచ్చి వెనక గోడకానుకుని నిలబడ్డాడు. ఆ రోజు ఓడ ఆకాశం నడిమధ్యలో ఆగిపోయింది. "ఇంజనుకు గాలి పట్టింది" అని చెప్పాను. డీజిల్ పైపులోకి గాలి దూరితే ఇంజను ఆగిపోతుంది, గాలి తీసేస్తే నడుస్తుంది. అది అందరికీ తెలుసు.

వెనకనుంచి పండితుడు, "ఏమప్పా మిస్త్రీ, ఆకాశంలో గాలే లేదని పోయిన వారం నువ్వే చెప్పినావంట గదా. లేని గాలి ఇంజనుకెట్ల పట్టె?" అన్నాడు.

జనం నవ్వారు. నేను టీవీ మీంచి కన్ను తిప్పకుండా, "భూమి మిందనుంచి పట్టుకొచ్చినారు ఐవారూ, సీసాల్లో" అన్నాను. ఇంకా ఎక్కువ నవ్వారు. అప్పటినుంచి మా ఇద్దరికీ పడలేదు.

ఆ సీరియల్లో నాకు నచ్చిన మనిషి ముసలి మిస్త్రీ. ఎందుకని వేరే చెప్పాలా? మిగతా నలుగురూ గాజుపలకల ముందు కూర్చుని అంకెలు చదువుతుంటే అతను రెంచి పట్టుకుని కింద దూరేవాడు. ఓడ నడిస్తే వాళ్ళు చేతులు కలుపుకునేవాళ్ళు. కింద దూరినవాణ్ణి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ఆఖరి వారం మంచుతో నిండిన ఒక గ్రహం మీద ఓడ దిగింది. మళ్ళీ లేవాలంటే ఒకడు బయటికి పోయి కొక్కెం విప్పాలి. ఎవడు పోయాడో ఊహించుకోండి. తలకు గాజుబుడ్డి తగిలించుకుని, సామాన్ల సంచి భుజానేసుకుని మిస్త్రీ దిగాడు. కొక్కెం విప్పాడు. ఓడ కదిలింది. అతను తిరిగి నిచ్చెన పట్టుకోబోతున్నాడు.

కరెంటు పోయింది.

టీచరు ఫ్యూజు చూడబోయాడు. ఊరంతా పోయిందని బయటినుంచి ఎవరో అరిచారు. కరెంటు తిరిగొచ్చేసరికి తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. ఆ పేర్ల తర్వాత, "రెండో భాగంలో కలుద్దాం" అని ఒక వాక్యం వచ్చింది. అంతే.

ఆ ఇంటి టీచరు తల్లి, మేమందరం అవ్వ అనేవాళ్ళం, టీవీకి మూరెడు దూరంలో కూర్చునేది. చూపు సరిగా ఆనదు. అంతా నా మాటల్లోనే చూసేది. ఆమె నా మోకాలు తట్టి, "మిస్త్రీ ఎక్కినాడా నాయనా?" అని అడిగింది.

ఎక్కినట్లు నేను చూడలేదు. ఎక్కనట్లూ చూడలేదు. ఏమైనా ఆ మనిషి చావడు అనుకున్నాను. సామాన్ల సంచి చేతిలో ఉన్న మిస్త్రీ ఎట్లా చస్తాడు? "బతికే ఉండాడవ్వా. ఎక్కినాడో లేదో తెల్దు గాని, బతికైతే ఉండాడు. రెండో భాగంలో చూపిస్తారు, చూడు" అన్నాను. ముప్పైమంది విన్నారు. అది నేను ఇచ్చిన మాట.

మరుసటి రోజు పండితుడు నంద్యాల బస్సు దిగి, బస్టాండులోనే సంగతి విని, సరాసరి నా షాపుకొచ్చాడు.

"బతికినాడని చెప్పినావంట?"

"ఔ."

"సచ్చిపోయినాడప్పా. నేను నంద్యాలలో చూసినా. నిచ్చెన జారి మంచులో పడె. ఓడ పోయె."

"ఈగలు ముసిరిన బొమ్మలో నాకు కనపడింది వేరే ఐవారూ."

"నీకు కరెంటే లేదంట గదా. ఏం కనపడె?"

నా నోరు ఊరుకోలేదు. "రెండో భాగం రానీ. సచ్చినాడని తేలితే ఆ ముక్కాలిపీట నీది. నువ్వే తర్జుమా చెప్పుకో. నేను వెనక గోడకానుకుంటా" అన్నాను.

అదీ మా పందెం. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో, రోగుల పేర్లు, ప్రయాణంలో ఉన్నవాళ్ళ పేర్లు చదివేచోట పాస్టరయ్య ఒక చీటీ విప్పి ఆగిపోయాడు. అవ్వ రాయించి ఇచ్చిన చీటీ. ఆకాశంలో చిక్కుకున్న మిస్త్రీ క్షేమం కోసం ప్రార్థన చేయమని అందులో ఉంది. పాస్టరయ్య కిందికి దిగొచ్చి ఆమె చెవి దగ్గర, "అవ్వా, అది కథ గదా" అన్నాడు. అవ్వకు మెల్లగా మాట్లాడటం రాదు.

"కథని నాకు తెల్దా? నువ్వు ప్రసంగంలో చెప్పేటి ఉపమానాలు కథలు గాదా? వాటికి మేం ఏడ్చలేదా? ఆ మనిషి మందికోసరం దిగె. యాడుండాడో ఏమో. చదువు నాయనా."

పాస్టరయ్య చదివాడు. ఆ వారం మొదలు ప్రతి ఆదివారం ఆ చీటీ చదివారు. మలేరియా జ్వరంవాళ్ళకీ, కాన్పుకు పోయినవాళ్ళకీ మధ్యలో మా మిస్త్రీ. మొదట్లో కుర్రకారు దగ్గినట్లు నవ్వేవాళ్ళు. నాలుగు వారాలకు అదీ ఆగిపోయింది. అవ్వ ప్రార్థన నా మాట మీద నిలబడి ఉంది. నా మాట దేని మీద నిలబడిందో నాకే తెలియదు.

అప్పటినుంచి నాకు రెండో భాగమే పని. సామాన్లకు నంద్యాల పోయినప్పుడల్లా గ్రంథాలయంలో వారం వారం టీవీ కార్యక్రమాల పట్టీ చూసేవాణ్ణి. లేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మిస్త్రీ ఎట్లా బతికి ఉంటాడో లెక్క వేసుకునేవాణ్ణి. సీరియల్ నాలుగో వారంలో ఆ గ్రహం మీదికి ముందే పోయి కూలిపోయిన చిన్న పడవను చూపించారు. అందులో గాలి సీసాలు ఉంటాయి. మంచు ఉంది కాబట్టి నీళ్ళకు కొదవ లేదు. చేతిలో సంచి ఉంది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ చేరేలోపల నేనతనికి గుడిసె కట్టి, పొయ్యి వెలిగించేవాణ్ణి.

షాపులో రైతులు కూడా సాయం పట్టారు. ఇంజను విప్పి కింద పరిచి ఉంటే దాని చుట్టూ కూర్చుని, "పడవలో బ్యాటరీ ఉంటాదిగా అన్నా, దాంతో లైటేసి చూపించొచ్చుగా" అని ఒకడు, "ఎవనికి చూపిస్తాడ్రా, ఆడెవరుండారు?" అని ఇంకొకడు. ఒక పెద్దాయన మాత్రం నా చేతిలో రెంచి వంక చూసి, "ఆయప్పను తర్వాత దింపుదువు గాని, ముందు నా ఇంజను బిగించు. మడి ఎండిపోతాంది" అన్నాడు.

మొదటి వేసవి గడిచాక ఓపిక చచ్చి ఢిల్లీకి జాబు రాశాను. నాలుగు కోరికలు. మిస్త్రీ సంగతి మొదటి వారమే తేల్చాలి. డాక్టరమ్మకు ఇంకొన్ని మాటలు ఇవ్వాలి, ఎందుకంటే ఆ ఓడలో బుర్ర ఉన్నది ఆమెకే. గాలి లేనిచోట ఇంజను మోత వినపడదు కాబట్టి ఆ మోత తీసేయాలి. తెలుగువాళ్ళూ చూస్తున్నారు కాబట్టి కింద తెలుగు అక్షరాలు వేయాలి. తెల్లవారుజామున లేచి మూడు రోజులు రాశాను. నా హిందీలో తప్పులుంటాయని నాకు తెలుసు. తప్పులున్న జాబును ఢిల్లీవాళ్ళు పక్కకు పడేస్తారనీ తెలుసు. ఊళ్ళో దిద్దగలిగినవాడు ఒక్కడే.

పోయాను. సిగ్గుపడుతూ పోలేదు. దిద్దడం అతని ఉద్యోగం, దిద్దించుకోవడం నా అవసరం అనుకుని పోయాను. పండితుడు అరుగు మీద కూర్చుని అంతా చదివాడు.

"ఏందప్పా ఇది, అర్జీనా, ఫిర్యాదా?"

"రెండూ."

"మర్యాద తక్కువగుండాది. పెద్దోళ్ళకు రాసేటప్పుడు కొంచెం ఒంగల్ల."

"ఇంజను కింద ఒంగుతా గాని, కాగితం మింద ఒంగను."

అతను ఎర్ర సిరా కలం తీశాడు. పేజీ అంతా నెత్తురు కారినట్లయింది. చివరికి, "సచ్చినోని కోసం ఇంత రాస్తివే" అన్నాడు. అన్నాడే గానీ, మిస్త్రీ బతికున్నాడని నేను రాసిన పేరాలో అర్థం ఒక్కటీ మార్చలేదు. తప్పులే దిద్దాడు. దానికి నేను ఆనాడే మెచ్చుకోవాల్సింది. మెచ్చుకోలేదు.

కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి అచ్చువేసిన కార్డు వచ్చింది. మీ సూచన అందింది, పరిశీలిస్తాం అని ఉంది. నేను దాన్ని షాపులో మేకుకు గుచ్చాను. పండితుడు దారిన పోతూ చూసి, "అందరికీ అదే పంపుతారప్పా" అన్నాడు. అందరికీ పంపితే ఏం, నాకూ పంపారు కదా.

రెండో వేసవి చివర ఒక మధ్యాహ్నం నంద్యాల గ్రంథాలయంలో ఆ పట్టీలో సీరియల్ పేరు కనపడింది. పక్కన కొత్త భాగం అని ఉంది. మూడుసార్లు చదివాను. కొనాల్సిన నాజిల్ కొనకుండానే బస్సెక్కాను. కండక్టరుకు చెప్పాను. అతనికి సీరియల్ సంగతే తెలియదు. అయినా టికెట్ కొడుతూ, "మంచిదే గదన్నా" అన్నాడు. ఆళ్ళగడ్డలో దిగి ముందు టీచరింటికి, తర్వాత పండితుని ఇంటికి పోయి చెప్పాను. అతను నవ్వకుండా, "ఈసారి నంద్యాల పోనులే. ఈడ్నే చూస్తా" అన్నాడు.

ఆ ఆదివారం హాలు చాలలేదు. కిటికీ బయట కూడా నిలబడ్డారు. నేను తెల్లవారకముందే మిద్దెక్కి ఏంటెనా పైపు బిగించి వచ్చాను. పండితుడు వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. సీరియల్ మొదలైంది. ఓడ కొత్తది. పెళ్ళి పందిరి మాదిరి బల్బులు. కెప్టెను తలతిప్పగానే హాలంతా ఒక్కసారి, "ఈయప్పెవరు?" అంది. మనిషిని మార్చేశారు. డాక్టరమ్మ ఒక్కతే పాత మనిషి. ఇంజను దగ్గర కొత్త కుర్రవాడు, మీసం కూడా రాలేదు.

నేను చెప్తూనే ఉన్నాను. ప్రతి మాటా పట్టుకుంటున్నాను, ఇప్పుడంటారు, ఇప్పుడంటారని. కొత్త గ్రహం గురించి అన్నారు. శత్రువుల గురించి అన్నారు. మిస్త్రీ పేరు ఎత్తలేదు. చనిపోయాడనీ లేదు, బతికాడనీ లేదు. అసలు అట్లాంటి మనిషి ఆ ఓడలో ఎప్పుడూ లేనట్లే. అరగంటా అయిపోయింది, పేర్లు పైకి పోయాయి. కరెంటు మాత్రం ఆనాడు కదలకుండా ఉంది.

అవ్వ అడిగింది. "మిస్త్రీ సంగతి ఏమనిరి నాయనా?"

ఒక్క మాట కల్పిస్తే సరిపోయేది. డాక్టరమ్మ ఒకచోట వైర్‌లెస్‌లో గబగబా ఏదో మాట్లాడింది. అందులో కబురొచ్చిందని చెప్తే పట్టుకోగలిగినవాడు పండితుడొక్కడే. నాకు నోటిదాకా వచ్చింది. కానీ అంతవరకూ ఒక్క మాట కల్పించకుండా చెప్పినవాణ్ణి, ఆ మనిషి ప్రాణం విషయంలోనే కల్పించాలా?

"ఏమీ అనలేదవ్వా. పేరే ఎత్తలేదు. అన్నేళ్ళు ఆయప్పతో ఇంజను నడిపించుకోని, ఒక్క మాటన్నా అనలేదు."

వెనకనుంచి పండితుడు ముందుకొచ్చాడు. ముక్కాలిపీట అడుగుతాడనుకుని లేచి నిలబడ్డాను.

"ఒక మాట చెప్పల్ల" అన్నాడు. "ఆ పొద్దు నంద్యాలలో గూడా కరెంటు పోయింది. నేనూ చూడలేదు."

"మరి నిచ్చెన జారిందంటివి, మంచులో పడెనంటివి?"

"నువ్వు చూడకుండానే బతికినాడని అంత గట్టిగ చెప్తాంటే నాకు మండింది. చూడకుండానే సంపితి."

రెండేళ్ళు ఇద్దరం చూడనిదాని మీద కొట్లాడామన్నమాట. నాకు కోపం రావాల్సింది. ఏమో, నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. అవ్వకు మాత్రం రాలేదు. ఆమె ఇంకేదో ఆలోచిస్తోంది.

"నాకు కండ్లు ఆనవు. మీరు చెప్పండి. ఆ ఓడలో గోడలుండాయా?"

ఉన్నాయన్నాం.

"గోడకు యాడన్నా ఆయప్ప ఫొటో ఉండాదా? దండేసింది?"

అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. గోడలకు బల్బులు, మీటలు, ఒకచోట గడియారం. ఫొటో లేదని టీచరు చెప్పాడు. లేదని కిటికీ బయటివాళ్ళు కూడా చెప్పారు.

"బాగ చూసినారా?"

"చూసినామవ్వా, లేదు" అన్నాడు పండితుడు.

"అయితే బతికే ఉండాడు. తమకోసరం సచ్చిపోయిన మనిషికి ఒక ఫొటో గూడా పెట్టకుండా అంత పెద్ద ఓడ కడతారా ఎవరన్నా? ఆ డాక్టరమ్మ ఊరుకుంటాదా?"

ఆమె తలకు పైన, హాలు గోడకు, ఆమె భర్త ఫొటో పూసల దండతో వేలాడుతోంది. దానికి బదులు చెప్పగలిగిన చదువు నాకు లేదు, పండితుడికీ లేదు. నేను వెతికి వెతికి నంద్యాల బస్సులో లెక్కకట్టిన గాలి సీసాలూ, పడవలూ ఎందుకూ పనికిరాలేదు. ఆమె ఒక్క ఫొటోతో తేల్చేసింది. నా గుండె మీంచి ఇంజను దింపినట్లయింది.

చర్చి గంట కొట్టారు. ఆనాటి చీటీలో అవ్వ మాట మార్పించింది. పాస్టరయ్య ఈసారి తడబడకుండా చదివాడు. ఆకాశంలో చిక్కుకున్న మిస్త్రీ బతికి ఉన్నందుకు కృతజ్ఞతార్పణ, ఇచ్చినవారు ఫలానా టీచరుగారి తల్లి. పళ్ళెంలో ఆమె వేసింది ఒక కొబ్బరికాయ, చీరకొంగులో ముడివేసుకొచ్చిన చిల్లర. ఆమేన్ అన్నాం. అందరికన్నా గట్టిగా నేనే అన్నానేమో. పండితుడు చర్చిలోకి రాలేదు గానీ, ఇంటికీ పోలేదు. ఆరాధన అయ్యేవరకూ బయట మెట్ల మీద కూర్చున్నాడు.

ఆ కొత్త భాగాలు ఇంకా చాలా వారాలు వచ్చాయి. ఒక్కటీ మొదటివాటికి సాటిరాలేదు, ఇంజను మోత తీయలేదు, తెలుగు అక్షరాలు వేయలేదు. అయినా ఒక్క వారం మానకుండా అన్నీ చూశాం, ముందు గోడలు చూసి ఆ తర్వాత కథ చూశాం. ఆ మొదటి ఆదివారం మాత్రం నాకిప్పటికీ గుర్తుంది. బయటికి వచ్చి పండితుని పక్కన మెట్టు మీద కూర్చున్నాను. అవ్వ కొడుకు చేయి పట్టుకుని దిగుతూ మా ముందర ఆగింది.

"బతికుండాడు, సరే. తిండికేం చేస్తాండాడు?"

పండితుడు ఆ పడవలో డబ్బా తిండి ఉంటుందన్నాడు. రెండేళ్ళకు సరిపోయేంత డబ్బాలు అంత చిన్న పడవలో ఎట్లా పడతాయని నేనన్నాను. చేపలు ఉండవా మంచు కింద అని అతను, గాలీ వెలుతురూ లేకుండా చేపలెట్లా బతుకుతాయని నేను. అవ్వ కొంతసేపు విని ఇంటికి పోయింది. మేము లేచేసరికి ఎండ మెట్లన్నీ ఎక్కేసింది, ఇద్దరిళ్ళలోనూ అన్నాలు ఆరిపోయాయి.